‘లోటుపాట్లు’ – అర్థము, ప్రయోగము

ఉగాది నాడైనను, రామభజనము నాడైనను, మన మారిషస్ మందిరములలో కార్యక్రమము ముగియు వేళ ఒక పెద్ద లేచి, చేతులు జోడించి, “ఏమైన లోటుపాట్లు జరిగియున్నచో మన్నింప ప్రార్థన” అని పలుకుట మనకందరకు పరిచితమే. ఇంట తెలుగు మాటాడుట మానుకొన్న కుటుంబములవారు సైతము ఈ మాటను గుర్తింతురు. అయినను దీని అర్థమేమని పిల్లలు ప్రశ్నించినపుడు “తప్పులు” అని ఒక్క మాటలో చెప్పి ఊరకుందుము. ఆ సమాధానము చాలదు. లోటు వేరు, తప్పు వేరు. ఈ భేదమును మరచుటచేత మన యిండ్లలో తెలుగు పలుకునకే హాని కలుగుచున్నది. దానిని చూపుటకే ఈ పాఠము.

పదనిర్మాణము

‘లోటుపాట్లు’ జంటపదము. ఇందు ‘లోటు’ అనగా కొరత, వెలితి, ఉండవలసినది లేకపోవుట. కుండలో అంచు దాక నీరు లేనిచో అది వెలితి. పైరునకు వాన చాలనిచో వాన లోటు. ఊరికి ఉపకారియైన మనిషి గతించినచో తీరని లోటు. ఈ మూడింటను ఎవరి నేరమును లేదు. నిండవలసిన చోటు నిండలేదు, అంతే.

‘పాటు’ అనునది ‘పడు’ అను క్రియనుండి పుట్టిన నామము. ‘చెడు’ నుండి ‘చేటు’ వచ్చినట్లే ‘పడు’ నుండి ‘పాటు’ వచ్చినది. పడుట, సంభవించుట అని దీని భావము. పొరపాటు, ఏమరుపాటు, తడబాటు అను మాటలలో ఉన్నది ఇదియే. ఇవి మనిషి తలపెట్టి చేసినవి కావు, అతనివలన జరిగిపోయినవి. ‘పాటు’నకు శ్రమ అను అర్థమును కలదు. ‘పాటుపడుట’ యనగా శ్రమించుట. ‘పాట్లు’ అని విడిగా బహువచనమున వాడినచో కష్టములు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి వచ్చిన మన పూర్వులు చెరకు తోటలలో పడిన పాట్లు అనునపుడు ఈ అర్థమే గ్రహింపవలెను.

బహువచనమున ‘చోటు’ ‘చోట్లు’ అయినట్లు ‘లోటుపాటు’ ‘లోటుపాట్లు’ అగును. ‘టు’లోని ఉకారము జారిపోయినది. ఇట్లు అక్షరము పోవుటను వ్యాకరణమున ‘లోపము’ అందురు. సంస్కృత వ్యాకరణకర్త పాణిని సైతము కనబడకుండుటయే లోపమని నిర్వచించెను. అక్కడ లోపము దోషము కాదు, భాష నడచు నియమము. లోకవ్యవహారమున మాత్రము లోపమనగా కొరతయు అగును, దోషమును అగును.

క్రియను బట్టి అర్థము

ఒక నామము స్వభావము తెలియవలెనన్న దాని ప్రక్కన వచ్చు క్రియను చూడవలెను. లోటును తీర్తుము, పూడ్తుము. తప్పును దిద్దుదుము. పొరపాటును సవరింతుము. దోషమునకు పరిహారము చేయుదుము. నేరమునకు శిక్ష విధింతుము. ‘లొసుగు’ అని మరొక చక్కని మాట కలదు. పైకి సరిగా కనబడి లోపల పొసగని చోటు లొసుగు. లెక్కలలో లొసుగు, వాదములో లొసుగు అందుము. దానిని కనిపెట్టుదుము, బయటపెట్టుదుము.

మన పిల్లలు క్రియోలులో ‘దెఫో’ అందురు. ఇది ఫ్రెంచి మాట. ఆ భాషలోను దీనికి లేమి, దోషము అను రెండర్థములును కలవు. కాబట్టి ‘దెఫో’ను ప్రతి చోట ‘తప్పు’ అని తెలిగించరాదు. బట్టలో దారము పోయినచో అది బట్టలోని లోపమే గాని బట్ట చేసిన తప్పు కాదు గదా!

ఎవరు పలుకవలెను?

ఈ మాటకొక మర్యాద కలదు. కార్యము చేసినవారు తమ కార్యమును గూర్చి పలుకవలసిన మాట యిది. పెండ్లిలో ఆడపెండ్లివారు వియ్యాలవారితో “మా ఏర్పాట్లలో లోటుపాట్లున్న మన్నింపుడు” అందురు. దానికి తగిన జవాబు “ఏ లోటును లేదు, నిండుగా జరిగినది” అనుట. అతిథియే ముందుగా మీ విందులో ఈ లోటుపాట్లున్నవని లెక్కపెట్టినచో అది దెప్పుట యగును. అప్పగింతల వేళ తల్లిదండ్రులు “ఏ లోటును రానీయక పెంచితిమి” అనునపుడు ఈ మాటలోని ప్రేమ అంతయు వినబడును.

పూజాంతమున పురోహితులు పలుకు క్షమాప్రార్థనలోను ఈ భావమే కలదు. మంత్రమున గాని, క్రియయందు గాని, భక్తియందు గాని ఏది తక్కువైనను ఈ పూజ పరిపూర్ణము కావలెనని అందు వేడుకొందురు. అచట వచ్చు ‘హీనము’ అను పదమునకు ‘తక్కువైనది’ అని అర్థము. తక్కువైనదానిని నింపుమని భగవంతుని కోరుచున్నాము. కొరతకు విరుగుడు నింపుట యని ఆ ప్రార్థన మనకు నేర్పుచున్నది.

అయితే ఈ మాట చాటున పెద్ద తప్పును దాచరాదు. విందులో కూరకు ఉప్పు చాలనిచో అది లోటు. ఒక పంక్తికి వడ్డించి, మరియొక పంక్తిని కావలెనని విడిచినచో అది తప్పు. ఇచ్చిన మాట తప్పుట, పరుల సొమ్ము దాచుకొనుట, పదిమందిలో ఒకరిని అవమానించుట లోటుపాట్లు కావు. అట్టివి చేసి సభ చివర చేతులు జోడించినంత మాత్రమున తీరవు. వానిని పేరు పెట్టి ఒప్పుకొనవలెను.

మన పిల్లల తెలుగు

ఇక అసలు విషయము. మన పిల్లలు “అక్క వచ్చినాడు” అందురు. క్రియోలులో అతడు, ఆమె, అది అను మూడింటికిని ‘లి’ అను ఒక్క మాటయే. క్రియ మారదు. అందుచేత తెలుగు క్రియలోని లింగభేదము వారికి తోచదు. అట్లే ఫ్రెంచిలో గాని, క్రియోలులో గాని మన టకారము వంటి ధ్వని లేదు. ‘లోటుపాట్లు’ అనబోయి ‘లోతుపాతులు’ అందురు. అదియు మంచి తెలుగు మాటయే గాని దాని అర్థము వేరు. ఒక విషయముయొక్క లోతులను, అందలి సూక్ష్మములను లోతుపాతులందుము. మందిరపు తరగతులలో అక్షరములు దిద్దిన మా తరమువారికి గురువులు నాలుకను వెనుకకు మడచి చూపి టకారమును నేర్పిరి.

ఇట్టి పలుకు వినగానే పెద్దలు కొందరు నవ్వుదురు. “తప్పు, తప్పు” అందురు. ఆ బిడ్డ రెండు మారులు నవ్వులపాలైన పిమ్మట మూడవ మారు క్రియోలులోనే బదులు చెప్పును. తాతగారితో తెలుగులో పలుకవలెనని నోరు తెరచిన బిడ్డ ఆ నోరు మూసికొనును. అంతటితో ఆ యింట తెలుగు ముగియవచ్చును.

వ్యాకరణమున ఆ వాక్యము తప్పే, దిద్దవలసినదే. కాని ఆ బిడ్డయందున్నది లోటు మాత్రమే. ఆ క్రియారూపము వాని చెవిని తగినన్ని మారులు పడలేదు. వెలితికుండను దూషించినందువలన నీరు రాదు, నిండుకుండనుండి పోయవలెను. కావున ఆ లోటును తీర్చు బాధ్యత తెలుగు వచ్చినవారిది. బిడ్డ “అక్క వచ్చినాడు” అన్నపుడు “అవును నాయనా, అక్క వచ్చినది, ఏమి తెచ్చినది?” అని మాట సాగింపుడు. నవ్వును లేదు, దండనయు లేదు. సరియైన రూపము రెండు మారులు వాని చెవిని పడినది. సంభాషణయు నిలిచినది.

అభ్యాసము

ఇంట పెద్దలు పిల్లలతో కూర్చుండి క్రింది వాక్యములకు తగిన పదమును లోటు, పొరపాటు, తప్పు, లొసుగు, లోతుపాతులు అనువానినుండి ఎన్నుకొనవలెను.

1. విందునకు వచ్చినవారు ఎక్కువై పెరుగు చాలలేదు.
2. ఆహ్వానపత్రికలో ఒక పేరున అక్షరము మారినది.
3. తీసికొన్న అప్పును తీసికొనలేదని చెప్పెను.
4. ఈ వ్యవహారమును ఆమూలాగ్రము తెలిసినవారినే అడుగవలెను.
5. లెక్క పైకి సరిగానే యున్నది గాని నడుమ ఒక కూడిక పొసగలేదు.

జవాబులు వరుసగా: లోటు, పొరపాటు, తప్పు, లోతుపాతులు, లొసుగు. రెండవదానికి లోటు అని పిల్లలన్నచో వెంటనే కాదనక, ఎందుకట్లు తోచినదో తెలుగులోనే చెప్పించి వినుడు.