ఛార్జి అను మాట, దాని సహచరులు

దొరవారిసత్రము రైలుస్టేషనులో బండికై నిలిచి, సూళ్లూరుపేట కళాశాలకో, తడ దాపుననున్న శ్రీసిటీ కర్మాగారములకో పోవు యువజనుల ముచ్చటలను ఆలకించినచో, ఇంగ్లీషు రాదని వగచువారి నోటనే ఛార్జి అను ఇంగ్లీషు మాట నానావిధముల దొర్లుట గమనింపవచ్చును. సెల్లుకు ఛార్జింగు లేదందురు. బస్సు ఛార్జీలు పెరిగినవందురు. పోలీసులు ఛార్జిషీటు వేసిరనియు, క్రొత్త తహసీల్దారు ఛార్జి తీసుకొనెననియు చెప్పుకొందురు. లాఠీఛార్జి సంగతి సరేసరి. ఇన్ని అర్థములను ఏ గురువూ చెప్పకయే గ్రహించినవారు మరల నిఘంటువు ముందు కూర్చుండి అర్థముల పట్టిక వల్లించుట వృథాశ్రమ. వారికి కొరవడినది, ఆ మాట ఏ క్రియతో, ఏ ప్రిపొజిషనుతో జతగూడునో ఆ పరిజ్ఞానము మాత్రమే.

బ్యాంకు పరీక్షలలోను, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షలలోను ఖాళీలు పూరింపుమను ప్రశ్నలు తరచుగా శోధించునది దీనినే. 'ఛార్జ్‌డ్ విత్ థెఫ్ట్' అనినచో దొంగతనపు నేరము మోపబడినవాడు. 'ఛార్జ్‌డ్ ఫర్ డెలివరీ' అనినచో సరకు చేరవేతకు రుసుము కట్టవలసివచ్చినవాడు. 'ఇన్ ఛార్జ్ ఆఫ్' అనినచో బాధ్యత వహించువాడు. నడుమ 'ద' చేరి 'ఇన్ ద ఛార్జ్ ఆఫ్' అయ్యెనా, ఒకరి సంరక్షణలో నున్నవాడగును.

ఇక మన తెలుగు అలవాటే మనలను తప్పుదారి పట్టించు చోట్లు కొన్ని గలవు. మన బస్సు ఛార్జి ఇంగ్లీషున 'ఫేర్'; ఉద్యోగపు దరఖాస్తుకు కట్టునది 'ఫీ'; బ్యాంకువారు కోసికొనునది మాత్రము 'సర్వీస్ ఛార్జ్'. ఇన్‌ఛార్జి యనగా మనకు ఒక మనిషి. కావుననే 'ఐ వాజ్ స్టోర్ ఇన్‌ఛార్జి' అని వ్రాయుదుము. మన దేశమున అది చెల్లును గాని, విదేశీ సంస్థకు పంపు రెజ్యూమేలో 'ఐ వాజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద స్టోర్' అనుటయే మేలు. అట్లని మన వాడుకనెల్ల ఈసడింపరాదు: 'ఫుల్ అడిషనల్ ఛార్జ్' అను పదబంధము తెలియనివాడు సర్కారు కొలువులో చేరిన కొలది దినములకే తికమకపడును.

ఈ పదమైత్రి పరదేశీయ విద్యార్థులందరికిని చిక్కే. హెరాల్డ్ పామర్ అను ఆంగ్లేయుడు 1933లో టోక్యోనగరమునుండి ఇట్టి పదబంధములను వేలకొలదిగా కూర్చి ప్రకటించినది జపానులో ఇంగ్లీషు నేర్చుకొనువారి నిమిత్తమే. శ్రీసిటీలో జపాను సంస్థలు పెక్కు గలవు. అచటి జపాను అధికారియు ఈ భాషను మనవలెనే కష్టించి నేర్చినవాడని యెరిగినచో ఇంటర్వ్యూ భయము కొంత సడలును.

సాధనకు పెద్ద గ్రంథములక్కరలేదు. ఇంటికి వచ్చు కరెంటు బిల్లుపై 'ఫిక్స్‌డ్ ఛార్జెస్', 'ఎనర్జీ ఛార్జెస్' అని యుండును. ఇంగ్లీషు దినపత్రిక నేరవార్తలలో 'ప్రెస్ ఛార్జెస్', 'డ్రాప్ ది ఛార్జెస్', 'డినై ది ఛార్జ్' అనునవి కనబడును. వానిని విడిమాటలుగా గాక, జతలుగానే నోటుబుక్కున నెక్కించి, ఒక్కొక్కదానితో తమ ఊరి సంగతినే ఒక వాక్యముగా అల్లవలెను. ఆ వాక్యమును మరునాడు పుస్తకము మూసి పైకి చెప్పి చూడవలెను.