పక్కింట్లో పిల్లాడు ఏడుస్తుంటే

రెండేళ్ల కిందట, కుట్టుపని చేసుకుని బతికే ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. వచ్చింది తన కేసు మీద కాదు. "మా పక్కింటి పిల్లాడి గురించండీ" అంది. వాడికి తొమ్మిదేళ్లు. చీకటి పడేసరికి పుస్తకాల సంచీ తెచ్చుకుని ఆవిడ అరుగు మీద కూర్చుంటాడట. తండ్రి వస్తున్న చప్పుడు విని, ఆ రోజు ఎంత తాగాడో చెప్పేస్తాడట. చెప్పులు ఈడుస్తూ వస్తే ఫర్వాలేదు. గేటు దడాలున కొట్టుకుంటే మాత్రం "అత్తా, ఈ రాత్రి ఇక్కడే పడుకోనా" అంటాడు. కొన్ని రోజులు ఆ తండ్రి వాడినే సందు చివరి కిరాణా కొట్టుకు పంపుతాడు. కొట్టువాడు క్వార్టర్ సీసాను పాత పేపర్లో చుట్టి ఇచ్చి, చిల్లర బదులు వాడి చేతిలో ఒక చాక్లెట్ పెడతాడు.

"చెబితే వాళ్లింటి గొడవ నీకెందుకంటారు. పోనీ చెప్పానే అనుకోండి, వాడిని తీసుకెళ్లి ఏ హోంలోనో పడేస్తే ఆ పాపం నాకు చుట్టుకోదూ?" అంది.

ఈ రెండు మాటలూ నాకు తరచూ వినిపిస్తాయి. రెండింటికీ చట్టంలో జవాబుంది.

పిల్లల్ని హింసించడం ఇంటి గొడవ కాదు, నేరం. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ చూడండి. బిడ్డ ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లే ఆ బిడ్డను కొట్టినా, వేధించినా, కావాలని పట్టించుకోకుండా వదిలేసినా, దానివల్ల శరీరానికో మనసుకో బాధ కలిగే పరిస్థితి ఉంటే 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కొట్టేవాడు కన్నతండ్రే అయినా ఇందులో మినహాయింపు లేదు. "మత్తులో ఏం చేశానో తెలీదు" అన్న మాటా చెల్లదు. తెలియకుండానో, బలవంతంగానో ఎవరైనా తాగిస్తే ఆ వాదన వినడానికి భారతీయ న్యాయ సంహిత 23వ సెక్షన్‌లో చోటుంది. తన డబ్బుతో తాను కొనుక్కుని తాగినవాడికి ఆ చోటు లేదు.

ఇక రెండో భయం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది నోరు నొక్కేస్తున్నది ఇదే. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయగానే బిడ్డను ఎత్తుకుపోతారన్నది అపోహ. ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఉంటుంది. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లలో కనీసం ఒక మహిళ. దానికి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్‌కున్న అధికారాలున్నాయి. బిడ్డను సంరక్షణలోకి తీసుకోవాల్సి వస్తే, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో ఆ సమితి ముందుకు తేవాలి. సమితి ఇంటి పరిస్థితి విచారించి నివేదిక తెప్పించుకుంటుంది, తల్లిదండ్రులను పిలిచి మాట్లాడుతుంది, కౌన్సెలింగ్‌కు పంపుతుంది. బిడ్డను సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాకే అని బాలల న్యాయ చట్టం 3వ సెక్షన్‌లోనే రాసుంది. అమ్మమ్మ ఇల్లుందా, మేనమామ ఉన్నాడా, తల్లితోనే ఉంచి తండ్రిని దూరం పెట్టవచ్చా అన్నవి ముందు చూడాలి.

తండ్రిని దూరం పెట్టే దారి గృహహింస చట్టంలో ఉంది. 2005లో వచ్చిన ఈ చట్టం కింద తల్లి తన కోసమే కాక బిడ్డ కోసం కూడా మేజిస్ట్రేట్ ముందు దరఖాస్తు పెట్టవచ్చు. కొట్టకూడదని రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, పోషణ ఖర్చు, బిడ్డ తాత్కాలిక సంరక్షణ, ఇవన్నీ ఆ ఒక్క దరఖాస్తులోనే అడగవచ్చు. తాగుడు కోసం భార్య పుస్తెలో, ఇంట్లో గిన్నెలో అమ్మేయడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే. దాన్ని ఆర్థిక హింస అంటారు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు. ఆ కుట్టుపని ఆవిడకు నేను ముఖ్యంగా చూపించింది 4వ సెక్షన్: హింస జరుగుతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసూ, క్రిమినల్ కేసూ నిలవదు. ఆ పేరా రెండుసార్లు చదివించుకుని విన్నది.

ఒక్క హెచ్చరిక. పిల్లాడి దెబ్బలు ఫోన్లో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. విచారణలో ఉన్న బిడ్డ పేరు, ఫొటో, బడి, చిరునామా బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా ఉంటుంది. శిక్ష సంగతి అటుంచినా, రేపు బడిలో వాడు తలెత్తుకుని తిరగాలి కదా. ఫొటో ఉంటే అధికారికి మాత్రమే చూపండి. అంతకన్నా పనికొచ్చేది ఒక నోటుబుక్. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏం విన్నారు, ఏం చూశారు, అంతే రాయండి. ఊహలు రాయొద్దు.

ఇక సందు చివరి కొట్టు. ఇక్కడే మనవాళ్లు ఆగిపోతారు. తండ్రి మీద ఫిర్యాదు చేసినవాళ్లు కూడా కొట్టు జోలికి పోరు. కానీ వీధిలో మందు ఎంత సులువుగా దొరుకుతుందన్నదానికీ, పిల్లల ఒంటి మీది దెబ్బలకూ లంకె ఉంది. కాలిఫోర్నియాలో బ్రిడ్జెట్ ఫ్రీస్త్లర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటికి పట్టుకెళ్లేలా మందు అమ్మే దుకాణాలు జనాభా లెక్కన ఎక్కువున్న చోట పిల్లల్ని కొట్టిన కేసులు, బార్లు ఎక్కువున్న చోట నిర్లక్ష్యం చేసిన కేసులు ఎక్కువగా కనిపించాయి. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేకపోయాయి. 1990ల మొదట్లో సారా కొట్టు మీదికి వెళ్లినప్పుడు, తమ ఇంట్లో దెబ్బలు ఎక్కడినుంచి మొదలవుతున్నాయో వాళ్లకు తెలుసు.

ఆ కిరాణా కొట్టు బెల్టు షాపు. లైసెన్స్ లేని అమ్మకం కాబట్టి ఎక్సైజ్ చట్టం కింద అదే ఒక నేరం. దానిమీద బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్: పిల్లలకు మత్తుపానీయం ఇచ్చినా, ఇప్పించినా 7 సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. 78వ సెక్షన్: మద్యం మోయడానికి, అమ్మడానికి, అందించడానికి పిల్లల్ని వాడుకుంటే అంతే శిక్ష. పేపర్లో చుట్టిన ఆ సీసాను పిల్లాడి చేత మోయించినవాళ్లు ఈ సెక్షన్లకు జవాబు చెప్పుకోవాలి. ఏజెన్సీ గ్రామాల్లోనైతే మత్తుపదార్థాల అమ్మకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టమే కల్పించింది. పాడేరు, ఉట్నూరు వైపు చదువరులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మిగతా చోట్ల నలుగురు కలిసి ఎక్సైజ్ స్టేషన్‌లో అర్జీ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వస్తే మీరు వెళ్లినట్టు రుజువు ఉండదు.

ఖర్చుకు భయపడకండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి. తల్లి కోసం 181, ప్రాణభయం ఉంటే 112. తాగుడు మానాలనుకునేవారికి 14446.

ఆ రోజు ఆవిడ నా ఎదుటే 1098కి ఫోన్ చేసింది. పేరు చెప్పేటప్పుడు గొంతు వణికింది, అయినా చెప్పింది. సమితి వాళ్లు పిల్లాడిని తల్లి దగ్గరే ఉంచారు. తండ్రిని డీ అడిక్షన్ సెంటర్‌కు పంపారు. రెండు నెలలు మానాడు, దసరాకు మళ్లీ తాగాడు, మళ్లీ పంపారు. కొట్టులో మందు అమ్మకం మూడు వారాలు ఆగి మళ్లీ మొదలైంది. రెండో అర్జీ పదకొండు సంతకాలతో ఇచ్చాం. మొదటిదాని మీద ఆవిడ సంతకం ఒక్కటే ఉండేది.