ఆరాధన - నడవడి

కృష్ణగిరి జిల్లాలో హోసూరును ఆనుకొని, కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరు జూజువాడి. ఇక్కడి వీధుల్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ భాషలు వినిపిస్తాయి. రంజాను నెలలో మీ తరగతిలోని ముస్లిం స్నేహితుడు పగలు అన్నం ముట్టకపోవడం, మంచినీళ్ళు కూడా త్రాగకపోవడం మీరు చూసి ఉంటారు. "ఆకలి వేయదా?" అని అడిగి కూడా ఉంటారు. ఆ ఉపవాసం వెనుక గల భావమేమిటో, భక్తుని జీవితం ఎలా ఉండాలని ఇస్లాం బోధిస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇస్లాం అంటే దైవానికి విధేయుడై ఉండడం. ఈ ధర్మానికి మూలస్తంభాలు అయిదు. దేవుడొక్కడే అనీ, ముహమ్మద్ ఆయన ప్రవక్త అనీ విశ్వసించి పలకడం మొదటిది. రోజుకు అయిదు వేళల నమాజు చేయడం రెండవది. జకాత్ మూడవది. ఒక పరిమితికి మించిన ధనం ఏడాదిపాటు తన వద్ద నిలిచి ఉంటే, దానిలో నలభయ్యవ వంతు, అనగా నూటికి రెండున్నర చొప్పున, పేదలు మొదలైన వారికి ఇవ్వాలి. రంజాను నెల ఉపవాసం నాలుగవది. స్తోమత కలవారు జీవితంలో ఒక్కసారైనా మక్కాకు వెళ్ళి హజ్ చేయడం అయిదవది.

ఈ పనులకు ప్రాణం నియ్యత్. అంటే మనసులోని సంకల్పం. నలుగురూ మెచ్చుకోవాలని చేసిన దానం దానమనిపించుకోదు.

రంజాను ఉపవాసం తెల్లవారుజాము నుండి సూర్యాస్తమయం వరకు ఉంటుంది. ఇస్లామీయ సంవత్సరం చంద్రుని గతిని బట్టి సాగుతుంది. అందువల్ల రంజాను ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొన్నేళ్ళు మండు వేసవిలో, కొన్నేళ్ళు చలికాలంలో వస్తుంది. రోగులు, ప్రయాణికులు తర్వాత వీలైన రోజుల్లో ఆ ఉపవాసాలను పూర్తి చేయవచ్చు. ఆకలిని ఓర్చుకోవడం కష్టమే. కాని నాలుకను అదుపులో పెట్టుకోవడం అంతకన్నా కష్టం. అబద్ధం మానుకోనివాడు అన్నపానాలు మానినంత మాత్రాన దేవునికి ఒరిగేదేమీ లేదని ప్రవక్త బోధించారు. ఎవరైనా తిట్టినా, తగవుకు వచ్చినా, తాను ఉపవాసంలో ఉన్నానని చెప్పి తప్పుకోవాలన్నారు.

మరి నమాజు, ఉపవాసం పాటిస్తే చాలునా? ఖురాన్‌లోని 107వ అధ్యాయం పేరు 'మాఊన్'. ఇరుగుపొరుగువారు అడిగి తీసుకునే చేద, కుండ, గొడ్డలి వంటి చిన్న వస్తువులని ఆ మాటకు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అనాథను త్రోసివేసేవారిని, చూపుకోసం నమాజు చేస్తూ ఇటువంటి చిన్న వస్తువులు కూడా ఇవ్వనివారిని ఆ అధ్యాయం గట్టిగా మందలిస్తుంది. ఒక చేద ఇవ్వడానికి వెనుకాడే చేతులు ప్రార్థనకు ఎత్తినా ఫలమేమిటి?

వ్యాపారానికీ ఇదే నీతి. ప్రవక్త ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. అడుగున గింజలు తడిగా ఉన్నాయి. వాన తగిలిందని అమ్మేవాడు చెప్పగా, ఆ తడిసినవాటిని జనులకు కనబడేలా పైననే ఎందుకు ఉంచలేదని అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. పైన మంచి టమోటాలు పేర్చి, అడుగున చెడినవి దాచేవారికి నేటికీ ఇది వర్తిస్తుంది.

పులుసు వండితే నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి పొరుగువారికీ పంపమని ప్రవక్త తన అనుచరుడైన అబూజర్‌కు చెప్పారు. పొరుగువాని మతం ఏదైనా సరే. అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్ అనే మరొక అనుచరుని ఇంట ఒకనాడు మేకను కోశారు. ఆయన ఇంటికి రాగానే, "మన యూదు పొరుగువానికి పంపారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు.

తెలుగునాట కూడా ఇటువంటి పొరుగు స్నేహానికి గొప్ప ఉదాహరణ ఉంది. అరబ్బీ భాషలోని ఖురాన్‌ను మొదట తెలుగులోకి అనువదించినవారు చిలుకూరి నారాయణరావు. ఆయన హిందువు, పేరుపొందిన భాషా పండితుడు. పొరుగువాని గ్రంథాన్ని తెలుసుకోవడం కూడా పొరుగువానిని గౌరవించడమే.

విద్యార్థులారా! భక్తి ప్రార్థనా స్థలంలో మొదలవుతుంది. అది నిజమైనదో కాదో ఇంటి గడప వద్ద, అంగడిలో, పొరుగువాని ఎదుట తేలుతుంది. ఈ మాట ఏ మతంవారికైనా శిరోధార్యమే.

కఠిన పదాలు - అర్థాలు
విధేయుడు = ఆజ్ఞను పాటించేవాడు
స్తోమత = శక్తి, ఆర్థిక బలం
అనుచరుడు = వెంట నడిచేవాడు
శిరోధార్యం = తలదాల్చదగినది

ప్రశ్నలు
1. ఇస్లాం ధర్మపు అయిదు మూలస్తంభాలు ఏవి?
2. రంజాను అన్ని ఋతువులలోనూ రావడానికి కారణమేమి?
3. 'మాఊన్' అధ్యాయం ఎవరిని మందలిస్తుంది? ఎందుకు?
4. మీ వీధిలో పొరుగువారు ఒకరికొకరు సాయపడిన సంఘటనను పది వాక్యాలలో వ్రాయండి.