డబ్బాలో చెయ్యి ఎవరు పెట్టారు?



బిడ్డా, నీ కథ చదివాను. సాంచాల (మరమగ్గాల) చప్పుడు, తంబాకు ఘాటు, షిఫ్టు వదిలాక రోడ్డు నిండా జనం, సోలాపూర్‌లోని మన నీలం నగర్ వాడ అచ్చంగా దిగింది. కానీ నీ నేతకార్మికుడి మీద కష్టాలు వరసగా వచ్చి పడుతూనే ఉన్నాయి. నూలు ధర పెరిగింది, కరెంటు పోయింది, సేటు కసిరాడు, కూతురికి జ్వరమొచ్చింది. ఆయన మాత్రం ఏమీ చెయ్యడు. అందుకే కథ కదల్లేదు.

కష్టం వేరు, సంఘర్షణ వేరు బిడ్డా. మనిషి ఒకటి గట్టిగా కోరుకోవాలి. దానికేదో అడ్డం రావాలి. ఆ అడ్డం దాటడానికి ఆయన చేసిన పనే ఇంకో చిక్కు తేవాలి. ఇతివృత్తం అలా పుడుతుంది.

రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయస్తుడు. కాదనలేక బావమరిదికి గవరయ్య అనేవాడి దగ్గర అప్పు ఇప్పిస్తాడు. అది తిరిగి రాకపోయేసరికి గవరయ్య పేరంటేనే వణుకు. ధైర్యం ఉన్నవాడైతే నాలుగు మాటల్లో తేల్చుకునేవాడు, నవలే ఉండేది కాదు.

కారా మాస్టారి కథ ‘యజ్ఞం’ (1964) మళ్లీ చదువు. అప్పల్రాముడి బాకీ మీద ఊరంతా పంచాయితీ. చివరికి అప్పల్రాముడు బాకీ ఒప్పుకుంటాడు. ఆయన కొడుకు సీతారాముడు తన పసివాణ్ణి చంపేస్తాడు, వాడి బతుకు కూడా పాలేరుతనంలో తెల్లారకూడదని. ఆ చావు ప్రమాదమై ఉంటే అయ్యో అనుకుని ఊరుకునేవాళ్లం.

మన దగ్గరా బాకీ ఉంది. సేటు దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడికి అది తీరకుండా కార్ఖానా మారడం కష్టం. నీ మనిషిని అక్కడ నిలబెట్టు. పక్క కార్ఖానాలో టవళ్లకు కూలి ఎక్కువిస్తామన్నారు. ఇంట్లో భార్య రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, బాగాలేవని పక్కన పడేసినవి పోగా వచ్చిన కూలిలోంచి కూతురి కాలేజీ ఫీజుకని డబ్బాలో దాస్తోంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. సేటు బాకీ తీర్చడానికి ఆ డబ్బు అడుగుతాడా? అడక్కుండా తీస్తాడా?

సేటును రాక్షసుణ్ణి చెయ్యకు. మన పద్మశాలీయే, పండక్కి ఇంటికొచ్చి పలకరించేవాడే అయితే ఎదురుతిరగడం ఇంకా కష్టం. ఆ కష్టం కథకు కావాలి.

జ్వరం తీసెయ్యి. కరెంటు పోవడం ఉంచు, కానీ ఆయన డబ్బా మూత తీసిన రాత్రికి. రాఖీ పున్నమికి మార్కండేయ రథం చూడ్డానికి వస్తావుగా, తిరగరాసింది పట్టుకురా. తెల్లారి డబ్బా చూసుకున్నాక ఆమె ఏం చేసిందో, ముందు అదే చదువుతాను.