క్రొత్త ఫైలు, పాత కంప్యూటరు



విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాయుచు వచ్చిన నేను ఈ మాసమున కంప్యూటరు ఫైలును గూర్చి వ్రాయుటకు కారణమొకటి గలదు.

కొన్ని యేండ్ల క్రిందట నేను తిరుగు గ్రామములలో నొకదానియందు, వేరుసెనగ విత్తనము కోరు సభ్యుల జాబితాను ఒక యువకుడు మూడు దినములు ఇంటింటికి తిరిగి సిద్ధపరచెను. పట్టణమందలి క్రొత్త కంప్యూటరుపై దానిని టైపు చేయించి, పెన్‌డ్రైవులో నుంచుకొని సంఘమునకు తెచ్చెను. సంఘమువారి యంత్రమునందున్నది వర్డ్ 2003. ఫైలు తెరువబడలేదు. గుమాస్తా దాని పేరు చివరనున్న ‘ఎక్స్’ అను అక్షరమును తుడిచివైచి మరల తెరచెను. ఈసారి తెరువబడినది గాని పుటనిండ పిచ్చిగుర్తులే కనబడెను. అక్షరముల ఫాంటు కుదురలేదని తలంచి, దానిని మార్చి, ‘సేవ్’ నొత్తెను. అంతటితో ఆ జాబితా నశించెను. వేరొక ప్రతి లేదు. పేర్లు మరల సేకరించునప్పటికి గడువు దాటెను. తొలకరి వానలు పడెను. పలువురు మొలకశాతము తెలియని గింజను సంతలో కొని విత్తుకొనిరి. నేనప్పుడు అక్కడనే యుండియు ఏమియు చెప్పజాలకపోతిని. తరువాత నేర్చుకొన్నదానిని ఇప్పుడు మీకు నివేదించుచున్నాను.

మూలకారణము

వర్డ్ 97 మొదలు వర్డ్ 2003 వరకు వచ్చిన వర్డులన్నియు ఫైళ్లను ‘డాక్’ అను నొకే రూపమున దాచెడివి. వర్డ్ 2007తో ‘డాక్స్’ అను క్రొత్తరూపము వచ్చినది. ఇది నిజమునకొక మూట. దానిలో వ్రాత యొక పొట్లమునను, బొమ్మలు మరియొక పొట్లమునను, అక్షరముల తీరు వేరొకదానియందును ఉండును. వీటినన్నిటిని జిప్ అను పద్ధతిని బిగించి కట్టుదురు. పాత వర్డునకు ఈ ముడి విప్పుట తెలియదు. పేరు చివరి అక్షరము తుడుచుట గోనెకు కట్టిన చీటీని మార్చుటవంటిది. చీటీ మార్చినంతమాత్రమున గోనెలోని జొన్న వరి కానేరదు.

లక్షణములు

ఆకు పసుపుబారినదని చూచి వెంటనే మందు కొట్టరాదు గదా! ఇనుము లోపించినను పసుపుబారును. నీరు నిలిచినను పసుపుబారును. అట్లే పిచ్చిగుర్తులు కనబడినప్పుడు ముందు ఏ తెగులో గుర్తింపవలయును.

మొదటిది: పుట ఆరంభమున ‘పి’, ‘కె’ అను రెండు ఇంగ్లీషు అక్షరములుండి, ఆపైన అర్థములేని గుర్తులుండిన, అది విప్పని మూట. ఆ రెండక్షరములు 1989లో జిప్ పద్ధతిని ప్రవేశపెట్టిన ఫిల్ కాట్జ్ పేరు నుండి వచ్చినవి.

రెండవది: పట్టికలు, గీతలు, అంకెలు చక్కగానుండి, తెలుగు అక్షరములకు మారుగా చిన్న చతురములు కనబడిన, ఫైలు మంచిదే, యంత్రమునకే తెలుగు రాదని యర్థము. విండోస్ ఎక్స్‌పీ యైనచో, కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రాంతము, భాషలకు సంబంధించిన భాగమున సంక్లిష్ట లిపుల గడిలో గుర్తుంచవలయును. దీనికి ఎక్స్‌పీ డిస్కు చేతనుండుట మేలు.

మూడవది: పంక్తులు సక్రమముగానుండి, తెలుగునకు మారుగా ఇంగ్లీషు అక్షరములును చిహ్నములును కలిసి కనబడిన, అది అను ఫాంటులవంటి పాత పద్ధతిని టైపు చేసినది కావచ్చును. ఆ ఫాంటు లేనిదే చదువుటకు వీలుకాదు.

పంపువారు చేయవలసినది

క్రొత్త యంత్రము గలవాడే పాత యంత్రము గలవానిని తలచుకొనుట న్యాయము. వర్డులో ‘సేవ్ యాజ్’ అను చోట ‘వర్డ్ 97-2003 డాక్యుమెంట్’ అను రూపమును ఎన్నుకొని, వేరు పేరుతో మరియొక ప్రతిని దాచి, ఆ ప్రతినే పంపవలయును. అసలు ప్రతిని తుడువరాదు. ఇట్లు మార్చునప్పుడు కొన్ని నష్టములు గలవు. క్రొత్తరీతిని వ్రాసిన గణిత సమీకరణములు బొమ్మలుగా మారును; పాత వర్డులో వాటిని సవరింపజాలము. స్మార్ట్ఆర్ట్ అను పటములకును ఇదే గతి. మన జాబితాలకు, తీర్మానములకు ఈ చిక్కు అరుదు. సవరింపనక్కరలేక చదువుటకు మాత్రమే పంపు కాగితమైనచో పీడీఎఫ్ రూపమే యుత్తమము.

అందుకొనువారు చేయవలసినది

తొలుత ఫైలునకొక నకలు తీసి, ఆ నకలుతోనే పని చేయవలయును. పాత వర్డు ‘డాక్స్’ను చదువుటకై మైక్రోసాఫ్టువారు పూర్వమొక అనుబంధమును ఉచితముగా నిచ్చిరి, 2018లో దానిని నిలిపివేసిరి. ఇప్పుడు ఉచితముగా దొరకు లిబ్రెఆఫీస్ మనకు దారి. క్రొత్తరూపము 2008లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడినందున, ఇతరుల సాఫ్ట్‌వేరును దానిని చదువగలుగుచున్నది. విండోస్ ఎక్స్‌పీపై నడచు లిబ్రెఆఫీసులలో 5.4 కడపటిది. దానితో ‘డాక్స్’ను తెరచి, ‘డాక్’గా దాచి, పిదప పాత వర్డులో చూచుకొనవచ్చును.

మార్చిన పిమ్మట జాబితాను సరిచూడక పంపరాదు. మొదటి పేరు, కడపటి పేరు, వరుసల సంఖ్య, మొత్తము బస్తాలు ఈ నాలుగును అసలుతో సరిపోవలయును. పట్టిక గడులు జరిగి ఒకని పట్టా సంఖ్య మరియొకని పేరునకు ఎదురుగా పడినచో, నష్టపోవువాడు సభ్యుడే గాని కంప్యూటరు కాదు.

వర్డ్ 2003కును, విండోస్ ఎక్స్‌పీకిని రక్షణ సవరణలు 2014 ఏప్రిలుతో నిలిచిపోయినవి. కావున అపరిచితులు పంపిన ఫైళ్లను అట్టి యంత్రమున తెరువరాదు.

ఆపత్కాలమున

లిబ్రెఆఫీసు లేదు, గడువు నేటితో సరి అనుకొనుడు. నకలు ప్రతి పేరు చివర ‘డాక్స్’కు బదులు ‘జిప్’ అని మార్చుడు. పై గుమాస్తా చీటీని తప్పుగా మార్చెను. ఇక్కడ మనము గోనెలోనున్న సరుకునకు తగిన చీటీనే కట్టుచున్నాము. రెండుమార్లు నొక్కిన మూట విచ్చుకొనును. లోపల ‘వర్డ్’ అను సంచియందు ‘డాక్యుమెంట్’ అను ఫైలుండును. దానిని నోట్‌ప్యాడ్‌లో తెరచిన, ఇంగ్లీషు గుర్తుల నడుమ మన పేర్లును అంకెలును దొరకును. బొమ్మలు ‘మీడియా’ అను సంచిలోనుండును. పట్టిక రూపము రాదు. ఓపికతో చూచి వ్రాసుకొనవలయును. ఆనాడు మాకీ యుపాయము తెలిసి, ‘సేవ్’ నొత్తకుండియున్నచో, ఒక రాత్రి శ్రమతో జాబితా దక్కియుండెడిది.

సారాంశము

అర్థముకాని ఫైలును ఎన్నడును ‘సేవ్’ చేయకుడు. నకలు లేక పని మొదలిడకుడు. పంపునప్పుడు పాతరూపమున పంపుడు, మార్చినపిమ్మట సరిచూడుడు. విత్తనమంతయు ఒకే గాదెలో దాచక కొంత వేరుచోట నుంచుట మన పెద్దల వాడుక. జాబితాల విషయమునను అదియే మనకు శ్రేయస్కరము.