పరువు, అపరాధము, మతాధికారము: రెండు నాటకములు

ఆర్థర్ మిల్లర్ ‘ది క్రూసిబుల్’ (1953) నాటకమునకు 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణ ఆధారము. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’ (1909 కూర్పు) నందు లుబ్ధావధానులపై వధూహత్యానేరము మోపబడును. రెండింటను అభియోగము మిథ్యయే. రెండింటను పిశాచప్రసక్తి కలదు. సేలమున ధర్మాసనమే మతాధికారమునకు లోబడి అదృశ్యభూతములను సాక్ష్యముగ గైకొనును. కన్యాశుల్కమున పూజారి గవరయ్య సీసాలో బంధించితినన్న పిశాచము హాస్యమునకే పాత్రము. న్యాయస్థానమునకు వలసినది ప్రత్యక్షప్రమాణము.

ఆ ప్రమాణము నీయగలవా రెవరు? ప్రాక్టర్ సభాముఖమున తన వ్యభిచారము నొప్పుకొనును. భర్త పరువు కాపాడబోయి ఎలిజబెత్ ఆడిన అసత్యము ఆ సాక్ష్యమును వమ్ము చేయును. తుదకు ఆతడు తాను వ్రాలుచేసిన తప్పుడు ఒప్పుకోలును చించివేసి, పేరు నిలుపుకొని ఉరికంబ మెక్కును.

మధురవాణికి లోకదృష్టిలో పోగొట్టుకొనదగిన పరువు లేదు. వధువు స్త్రీవేషధారియగు బాలుడని ఆమె వేశ్యావ్యతిరేకియగు సౌజన్యారావు పంతులుకు తెలుపును. ప్రతిఫలముగ ముద్దు కోరి, ఆతడు సిద్ధపడగా తానే వారించి, ఆతని నియమమును కాపాడును.

అపరాధనిర్ణయమునకు పరువు కొలత కాజాలదని ఇరువురును గ్రహించిరి. మిల్లర్ ఆ సత్యమును దోషి మరణముచే, గురజాడ వేశ్య వాక్కుచే స్థాపించిరి.