లోతునకు పోవు దోనె

బైబిలు పాఠము: లూకా 5:1–11, అపొస్తలుల కార్యములు 27:9–29

మన తీరప్రాంతపు సంఘములలో తరచుగా జరుగు కూటమొకటి కలదు. కఱ్ఱతెప్ప విడిచి ఫైబరు పడవ కొన్నవారును, ఉన్న పడవకే బలమైన ఇంజను బిగించుకొన్నవారును పాస్టరుగారిని పిలిచి ఒడ్డున ప్రార్థన చేయించుకొందురు. పాట పాడుదుము. లూకా 5వ అధ్యాయము చదువుదుము. సీమోనును లోతైన నీటికి పొమ్మని ప్రభువు సెలవిచ్చిన సంగతి మీద నాలుగు మాటలు చెప్పి, మిఠాయి తిని ఇండ్లకు పోవుదుము. మంచిదే. అయితే లోతు అను మాటను మనము ఆత్మీయార్థములోనికి ఎంత తొందరగా త్రిప్పుదుమనగా, ఎదుట నిలిచిన మనుష్యుడు రేపు తెల్లవారుజామున నిజముగానే లోతునకు పోవుచున్నాడని మరచిపోవుదుము. పడవలో లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నవని అడిగిన సంఘపెద్ద అరుదు. కాబట్టి ఈ నెల ఆ మాటను ముందుగా సముద్రపు మాటగానే చదువుదము.

సీమోను వెళ్లిన లోతు ఎంత? గెన్నేసరెతు సరస్సు పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 13. మిక్కిలి లోతైన చోట 40 మీటర్లకు కొంచెము పైన. ఎక్కడ నుండి చూచినను ఒడ్డో, కొండో కనబడును. 1986వ సంవత్సరమున కరవు వలన ఆ సరస్సు నీరు తీసినప్పుడు, బురదలో ఒక పాత దోనె దొరికెను. అది ప్రభువు కాలమునకు దగ్గరి కాలమునాటిదని పండితులు తేల్చిరి. అది పేతురు దోనెయే అని కొందరు చెప్పుదురు గాని, ఆ మాటకు ఆధారము లేదు. దాని పొడవు సుమారు 8 మీటర్లు, వెడల్పు 2 మీటర్లకు కొంచెము పైన. అనగా మన ఫైబరు పడవలకు ఇంచుమించు సమానము. దానిలో అనేక రకముల కఱ్ఱ కనబడినది. పాత పడవల పలకలు విప్పి అతికినవి, చీలినచోట మరల వేసిన అతుకులు, ఇట్లు ఎన్నో మారులు బాగుచేసి వాడిన దోనె అది. పడవను కొంచెము కొంచెముగా మెరుగుచేసికొనుట బీదవాని పాత అలవాటని దీనినిబట్టి తెలియుచున్నది.

మన లోతు వేరు. ఆంధ్ర తీరమున 1994వ సంవత్సరపు చట్టము ప్రకారము ఒడ్డు నుండి 8 కిలోమీటర్ల వరకు గల నీరు సంప్రదాయపు పడవలకు విడువబడినది. పెద్ద మరబోట్లు దాని ఆవల వేటాడవలెను. విశాఖపట్టణము వైపు కొండలు చాల దూరము కనబడును గాని, మంచు పట్టిన ఉదయమున అవియు ఉండవు. గోదావరి కృష్ణా ముఖములవైపు తీరము పల్లము; ఇరువది కిలోమీటర్లు దాటకమునుపే తాటిచెట్ల తలలు కూడ మునిగిపోవును. తెప్పమీద పెరిగినవాడు ఒడ్డున రెండు గురుతులు పెట్టుకొని, ఒకదాని వెనుక ఒకటి వచ్చు తీరునుబట్టి తన చోటు తెలిసికొనును. ఆ విద్య తండ్రి నేర్పినది, గొప్పది. అయితే తండ్రి పూటంతయు తెరచాపతో పోయిన దూరమును క్రొత్త ఇంజను గంటలో దాటించును. ఇంజను పడవను మోసికొనిపోవును గాని, తండ్రి తెలివిని కూడ మోసికొనిపోదు. గురుతులు కనబడని చోట దిక్సూచియు, జి.పి.యస్. యంత్రమును ఉండవలెను, వాటిని ఒడ్డు కనబడుచున్నప్పుడే వాడి నేర్చుకొనవలెను.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14:28–30). పడవకు ఆ లెక్క ఇంధనముతో మొదలగును. ఉన్నదానిలో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మిగిలినది ముట్టకూడదు. ముప్పది లీటర్లు ఉన్నయెడల పది లీటర్లు అయిపోయినచోటనే త్రిప్పవలెను, చేపలు పడుచున్నను సరే. ఎదురుగాలిలోను, బరువుతోను తిరిగి వచ్చునప్పుడు ఖర్చు పెరుగునని పాత సరంగులందరు ఎరుగుదురు.

తరువాత బరువు. పెద్ద ఇంజను వెనుక కూర్చున్నప్పుడు పడవ వెనుకకు దిగును. మంచుపెట్టె, నూనె డబ్బాలు, వల కూడ వెనుకనే పెట్టినయెడల ముక్కు లేచి, వెనుకనుండి వచ్చిన కెరటము లోనికెక్కును. నీళ్ల డబ్బాలతో నిజమైన బరువంత వేసి, నెమ్మదిగల దినమున ఒడ్డు దగ్గరనే తిప్పి చూడవలెను. క్రొత్త ఇంజనును మొదటి పది గంటలు పూర్తి వేగముతో నడపకూడదు. ఆ పది గంటలును ఈ పరీక్షలకే ఖర్చుచేయుట లాభము. మరియొక సంగతి. కఱ్ఱతెప్ప కెరటములో బోర్లపడినను దుంగలు తేలును, మనుష్యులు మరల ఎక్కుదురు. ఫైబరు పడవ నీటితో నిండును. దాని గాలి అరలు పగులు లేక మూయబడియున్నవో లేవో తట్టి చూడక ఒడ్డు విడువరాదు. నడిసముద్రము కంటె ఒడ్డున విరుగు కెరటమే క్రొత్త పడవకు ఎక్కువ అపాయము.

లోతున దొరకు చేప కూడ వేరు. అనకాపల్లి జిల్లాలోని పూడిమడక జాలరులు చిన్న పడవలలోనే పోయి గేలములతో రెక్క సూరను పట్టుటలో పేరు పొందినవారు. సూర చేప రక్తము వెచ్చనిది. పెనుగులాడి వచ్చినప్పుడు దాని మాంసము మరింత వేడెక్కును. వెంటనే రక్తము తీసి, కడుపు శుభ్రము చేసి, మంచులో పూడ్చనియెడల చూచుటకు బాగుగానే ఉండును గాని ధర పడిపోవును, తిన్నవారికి దద్దురులును వాంతులును కలుగవచ్చును. చేపకు చేప బరువంత మంచు కావలెను. మంచు లేక లోతునకు పోవుట వలలేక పోవుట వంటిదే.

చేపలెక్కడ ఉన్నవో చెప్పు సహాయము కూడ నేడు కలదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఉపగ్రహములు చూచిన సముద్రపు వేడిమినిబట్టి, నీటి పచ్చదనమునుబట్టి, ఏ రేవు నుండి ఏ దిక్కున ఎంత దూరములో వేట అనుకూలమో తెలుపుచున్నది. మేఘములు కమ్మినప్పుడు ఆ సమాచారము రాదు. కొందరు భక్తులు దీనిని అవిశ్వాసమని అనుకొందురు. రాత్రియంతయు ప్రయాసపడి ఏమియు దొరకని సీమోను, చేపలు పట్టు వృత్తి కాని వాని మాట విని వల వేసెను. విశ్వాసమనగా తనకే అంతా తెలియునని అనుకొనకుండుట అని ఆ భాగము నుండి నాకు తోచుచున్నది.

ఇప్పుడు రెండవ వాక్యభాగము. పౌలు ఎక్కిన ఓడ క్రేతు ద్వీపము చేరునప్పటికి ఉపవాసదినము గడచిపోయెనని లూకా వ్రాసెను (27:9). అది సెప్టెంబరు అక్టోబరు కాలము; అటు పిమ్మట మధ్యధరా సముద్రములో ప్రయాణము అపాయకరము. మన బంగాళాఖాతములోను అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల కాలమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినది. పౌలు హెచ్చరించెను. శతాధిపతి నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. ఎక్కువమంది పోవుదమనిరి. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను, ఇక తమ యోచన నెరవేరినదనుకొనిరి (27:11–13). ఓడను ముంచినది తరువాత వచ్చిన ఊరకులోను అను పెనుగాలి. వారిని రేవునుండి కదిలించినది మాత్రము ఈ మెత్తని గాలి.

మన కాలములో ఆ మెత్తని గాలి పేరు వాయిదా. క్రొత్త ఇంజనుకు అప్పు తెచ్చినవాడు వాతావరణశాఖ హెచ్చరిక విన్నను, ఈ నెల కట్టవలసిన సొమ్ము గుర్తుకు వచ్చి ఒక్కపూటకే కదా అని బయలుదేరును. వాని విశ్వాసమును నిందించుట సులభము. అప్పు తీసికొన్న దినముననే సంఘములో ఎవరైనను ఒక లెక్క అడిగియుండవలసినది: ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున వేట నిషేధము. ఇంజను లేని తెప్పకు ఆ నిషేధము లేదు, ఇంజను బిగించిన పడవకు ఉన్నది. అనగా పడవను మెరుగుచేసికొన్నవాడు ఏటికి రెండు నెలలు పడవ లేనివాడగును. అప్పు మాత్రము ఆ రెండు నెలలు ఆగదు. పన్నెండు వాయిదాలను పది నెలల వేటతో కట్టగలడా? ఆ పది నెలలలోను తుపాను దినములు తీసివేసి చూడవలెను.

అదే అధ్యాయములో నావికులు బుడుదు వేసి చూచిరి. మొదట 20 బారలు, కొంచెము పోయిన తరువాత 15 బారలు (27:28). చీకటిలో, భయములో, పదునాలుగవ రాత్రియందును వారు కొలుచుట మానలేదు. లోతు తగ్గుచున్నదని తెలిసికొని నాలుగు లంగరులు వేసి, తెల్లవారవలెనని కోరుచు కాచుకొనిరి. దేవదూత పౌలుకు ప్రాణహాని కలుగదని ముందే చెప్పియుండెను. ఆ వాగ్దానము బుడుదును వ్యర్థము చేయలేదు.

మరల లూకా 5వ అధ్యాయమునకు వత్తము. మన ప్రసంగములలో 7వ వచనము తరచు జారిపోవును. వల పిగులుచుండగా వారు వేరొక దోనెలోని పాలివారికి సైగచేసిరి. సైగ కనబడునంత దగ్గరలో మరియొక దోనె ఉన్నది గనుకనే చేపలు దక్కినవి. క్రొత్త పడవగలవాడు ఒంటరిగా పోవుటకు ఇష్టపడును, ఏలయనగా వాని వేగమునకు ఇతరులు చాలరు, చేపలున్న చోటు ఇతరులకు తెలియుట వానికి ఇష్టములేదు. మొదటి వేటకాలమంతయు రెండు పడవలు కలిసి పోవుట మేలు. ఒడ్డు నుండి పది పదిహేను కిలోమీటర్లు దాటిన తరువాత సెల్‌ఫోను పలుకదనియే ఎంచుకొని, వి.హెచ్.ఎఫ్. రేడియో ఉంచుకొనవలెను, ఆపదలో 16వ చానెలు.

ఒడ్డున ఉన్న సంఘము కూడ పాలివారే. ప్రార్థన కూటము జరిగిన దినముననే ఒక పుస్తకము తెరువవచ్చును: పడవ పేరు, ఎక్కినవారు ఎందరు, ఏ దిక్కుకు, ఎంత ఇంధనముతో, ఎప్పటికి తిరిగి రావలెను. చెప్పిన గడియకు రానియెడల ఎవరు కోస్టుగార్డుకు 1554 నంబరున తెలుపవలెనో వ్రాసియుంచవలెను. పాస్టరుగారు ఊరిలో లేని దినములుండును గనుక, ఆ పుస్తకము రేవున కూర్చుండి వలలు బాగుచేయు పెద్దల యొద్ద ఉంచుట మంచిది. చేపల గంపతో సంతకు పోవుటకు ముందు స్త్రీలు అక్కడనే ఆగి, ఎవరి పడవ వచ్చినది, ఎవరిది రాలేదని ఎట్లును అడిగి తెలిసికొందురు.